చాలులో పడిన మాట

పోయిన వారం ముత్తులక్ష్మిని గొడ్లకొట్టం గడప మీద నిలబెట్టి మన దోవన మనం వచ్చేసినాము. పావం, ఇంకా అట్లనే నిలబడి ఉంది. లోపల ఆమె మామ అయ్యాసామి నాయకర్ కాడికి పసుపు పూస్తా ఉండాడు. బయట వాకిట్లో మరిది పెరియసామి ఎద్దులను కడుగుతా, నోటితో తళవాయిపురం బస్సు హారన్ మాదిరి కూస్తా ఉండాడు. చిత్తిర నెల పుట్టింది. ఏవిళంబి ఏడు పోయి విళంబి ఏడు వచ్చింది. ఇంకొంచెం పొద్దెక్కితే పొన్నేరు కట్టాలి. ఇంటి పెద్దకొడుకు, ముత్తులక్ష్మి మొగుడు సౌందరరాజన్ పోయినాక వచ్చిన మొదటి పొన్నేరు ఇది.

అతను ఎట్ల పోయినాడో మరిచిపోయి ఉండరు. చోళపురం దోవలో వాళ్ళకుండే కరిసల్ నల్లమన్ను చేనులో బావి తవ్వతా ఉండినారు. అయిప్పసి నెల మొదట్లో, వానలు పట్టకముందే నీళ్ళు చూడాలని తొందర. రాతిలో గుంటలు కొట్టి మందు పెట్టి పేల్చినాక, ఒక గుంట పేలలేదేమని చూసేదానికి సౌందరరాజన్ దిగినాడు. అది అప్పుడు పేలింది. ముత్తులక్ష్మి నొసట బొట్టు పోయింది, ఇంట్లో నవ్వు పోయింది. బావి మటుకు సగంలో అట్లే నోరు తెరుచుకొని ఉంది.

నిన్న పొద్దున అందరూ చద్దన్నం ముందు కూచున్నప్పుడు అయ్యాసామి నాయకర్ ఎవరి మొహమూ చూడకుండా అనేసినాడు: "రేపు చాలులో చిన్నోడు వాళ్ళన్న మాటను ఎత్తుకోవాల. ఈ ఏడు బావి ముగించాల." పెరియసామి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ బావి సంగతిలో ముత్తులక్ష్మి కడుపులో దాచుకొన్న నిజం ఒకటి ఉంది. ఇవాళ చెప్పకపోతే ఇంక చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే.

ఈ చాలుమాట ఏమిటో తెలియని వాళ్ళకు చెప్పేస్తాను, లేకుంటే కథ పట్టుబడదు. పొన్నేరు అంటే ఏటికి మొదటి దుక్కి. ఆ సీమలో సేద్యం చేసే సంసారులందరూ కట్టేదే, అందులో వింత లేదు. అయ్యాసామి వంశంలో మటుకు దాని మీద ఇంకొకటి ఉంది. మొదటి చాలు తీసేటప్పుడు ఇంట్లో ప్రతి మనిషీ పిడికిట్లో జొన్నలు పట్టుకొని, ఈ ఏడు నేను ఈ పని చేస్తాను అని ఒకే ఒకటి చెప్పి, ఆ గింజలు చాలులో వదలాలి. మేడి పట్టిన పెద్ద ఆ మాటను భూమికి వినిపించేటట్లు గట్టిగా తిరిగి చెప్తాడు. పెద్ద నోట వచ్చిందే మాట. అది పడినాక మార్చేదానికి లేదు, ఎదురాడేదానికి లేదు. చెప్పినవాడు ముగించకుండా పోతే మరుసటి ఏడు ఆ ఇంటి మనిషే దాన్ని ఎత్తుకోవాలి.

మంచి ఆచారమే, నేను కాదనను. ఏడాదికి ఒక్క పనైనా మనిషి ముందుగా అనుకొని, నలుగురి ముందర చెప్పి, చేస్తాడు. మీలో ఎంతమంది చేస్తారు, చెప్పండి. నేనైతే చేయను. అయితే ఎంత మంచి ఆచారమైనా నడిపేది మనుషులే గదా. చిక్కంతా ఆడనే.

"మామా," అని పిలిచింది ముత్తులక్ష్మి.

అయ్యాసామి తల ఎత్తలేదు. "ఏమమ్మా? అత్త పిలిచిందా?"

"లేదు. నేనే వచ్చినాను. ఒగ మాట చెప్పాల."

కోడలు మామ ఎదుట నిలబడి మాట చెప్పాలనడం ఆ ఇంట్లో కొత్త. కావాలంటే అత్త నాగమ్మాళ్‌తో చెప్పి చెప్పించాలి, లేకుంటే గోడకు చెప్పినట్లు చెప్పి పోవాలి. ముసలాయన చెయ్యి కొంచెం ఆగి, మళ్ళా పసుపు గిన్నెలోకి పోయింది.

"చెప్పు."

"పెరియసామిని ఆ బావిలోకి దించొద్దు."

"భయపడతా ఉండావా? ఈ సారి మందు పెట్టనీను. ఉలీ సమ్మెటా పెట్టి కొట్టిస్తాను. ఎన్నాళ్ళైనా సరి. నేను పైన నిలబడి చూసుకొంటాను."

"అప్పుడూ మీరు పైననే నిలబడి ఉంటిరి మామా."

తన నోటి నుంచేనా ఈ మాట వచ్చింది అని ముత్తులక్ష్మికే దడ పుట్టింది. పక్కనుండే గుంజను పట్టుకొంది. ఇంత దూరం వచ్చినాక వెనక్కు పోయేదానికి లేదు.

"ఆయన మాట ఆయన మాట అని పెరియసామి తలమీద పెడతా ఉండారు. బావి ఆయన మాట కాదు. పోయిన పొన్నేర్లో ఆయన మిల్లుకు పోతాను అనినాడు. నేను ఆడోళ్ళ వరసలో ముందుంటిని, నాకు వినిపించింది. మీరు పక్కనే మేడి పట్టుకొని ఉంటిరి. మీకు వినిపించలేదా?"

అయ్యాసామి పసుపు చేతులు ఒళ్ళో పెట్టుకొన్నాడు.

ఆయన ఆలోచించుకొనే లోపల మనం ఒకసారి వెనక్కు పోయి వద్దాము. పోయిన ఏడు పొన్నేరుకు ముందు, మొగుడూ పెండ్లామూ తళవాయిపురంలో ఒక పెండ్లి చూసుకొని బస్సులో వస్తా ఉండినారు. సౌందరరాజన్ అసలే నోట్లో నాలుక లేనివాడు. బస్సు మోతలో ఎవరికీ వినిపించదనే ధైర్యంతో ఆమె చెవి దగ్గర చెప్పినాడు. ఊరి పక్క మిల్లులో పనికి మనుషులను తీసుకొంటా ఉండారు, ఈ ఏడు చాలులో మిల్లు మాట వదులుతాను, వాన కోసం మొయిలు చూసి చూసి నా మెడ పట్టేసింది అన్నాడు. మిల్లు వెనక ఒక వాటా ఇల్లు తీసుకొందాము. నువ్వు ఎనిమిది పాసయినావు గదా, శ్రీవిల్లిపుత్తూరులో టీచర్ ట్రైనింగ్ చేరు. దినమూ బస్సులో పోయి బస్సులో రా.

"రెండూ ఒగే ఏడా?" అని నవ్వింది ముత్తులక్ష్మి.

"నా మాట నాది, నీ మాట నీది. మనిషికి ఒగటి. సరిపాయె గదా."

ఆ దోవంతా వాళ్ళు రాబోయే ఏటికి గోడలు కట్టి కప్పు వేసుకొంటా వచ్చినారు. పొయ్యి ఏ పక్క పెట్టాలి, ఆమె బస్సుకు పోయేదానికి ముందు వంట ముగించాలా, వచ్చినాక చేయాలా, షిఫ్ట్ ముగించి వచ్చేవాడికి కాఫీ ఎవరు పెట్టాలి. కాఫీ దగ్గర చిన్న పోట్లాట కూడా అయింది. ఊరు వచ్చేసరికి ఇద్దరూ మాట్లాడకుండా కిటికీలో నుంచి చూస్తా, లోపల లోపల నవ్వుకొంటా ఉండినారు. ఆ మాదిరి పోట్లాట ఇంకొకటి దొరికితే ఇప్పుడు ముత్తులక్ష్మి ఏమైనా ఇచ్చేస్తుంది.

పొన్నేరు దినం సౌందరరాజన్ చాలులో నిలబడి చెప్పినాడు, ఈ ఏడు నేను మిల్లుకు పోతాను అని. చెప్పీ చెప్పకముందే అయ్యాసామి గొంతు చేనంతా వినిపించింది: "బావి. నా పెద్దకొడుకు ఈ ఏడు బావి తవ్వుతాడు." సౌందరరాజన్ నాయన వైపు తిరిగినాడు. నోరు తెరిచినాడు, మూసినాడు. గింజలు వదిలేసి పక్కకు జరిగినాడు. ఆ తరువాత ముత్తులక్ష్మి వంతు వచ్చింది. ట్రైనింగ్ అనే మాట గొంతులోనే కుక్కుకొని, రెండు మేకలు పెంచుతాను అంది. దాన్ని మటుకు మామ ఒక్క అక్షరం పోకుండా తిరిగి చెప్పినాడు.

"పోనీలే ముత్తూ," అన్నాడు సౌందరరాజన్ ఇంటికి వచ్చినాక. "నీళ్ళు పడిపోతే వచ్చే ఏడు చూసుకొందాము."

వచ్చే ఏడు అని అతను చెప్పింది ఈ ఏటిని గురించే.

"వినిపించింది," అన్నాడు కొట్టంలో కూచున్న అయ్యాసామి.

ముత్తులక్ష్మి దీనికి తయారై రాలేదు. కాదంటాడు, కేకలేస్తాడు, నీకు పుట్టింటి దోవ తెలుసునా అంటాడు, ఎన్నో అనుకొని వాటికి జవాబులు కూడా సర్దుకొని వచ్చింది. ఔను అంటాడని మటుకు అనుకోలేదు.

"ముందు దినమే నాతో చెప్పినాడు. వద్దురా అంటిని. సరి అనలేదు, కాదు అనలేదు. చాలులో నిలబడి మిల్లు అనినాడు. నేను తెలిసే బావి అంటిని. నేను ఒగసారి అనేస్తే ఆడు ఎదురు చెప్పడు, కన్నోడికి తెలీదా?" ముసలాయన గొంతు ఎక్కడా పెరగలేదు. "మిల్లుకు పోయినోడు మళ్ళా మేడి పట్టడమ్మా. మా అన్నదమ్ముల పిలకాయల్ని చూసినాను గదా. చేనులో బావి ఉంటే, నీళ్ళు ఉంటే, ఆడు ఈడనే నిలబడతాడు అనుకొన్నాను. ఆశ. ఆడు నిలబడనే లేదు."

"నాకు తెలుసునని మీకు తెలీదా?"

"తెలీదు. నాకు ఒగడికే తెలుసు అనుకొని ఉంటిని."

చూడండి, ఒకే ఇల్లు. ఒకే గోడకు లోపలి పక్క కోడలు, బయటి పక్క మామ. అయిప్పసి నుంచి ఇద్దరి గొంతులోనూ ఒకే ముల్లు. ఒకరికొకరు చెప్పుకొని ఉంటే ఏడ్చేదానికైనా తోడు ఉండి ఉండును.

"అన్నీ తెలిసి మళ్ళా ఎందుకు మామా, పెరియసామిని?"

"నీళ్ళు పడితే ఆడు చుమ్మా, ఊరికే పోలేదని అనుకోవచ్చు. ఆ నీళ్ళు ఒగసారి చేత్తో తాకితే నాకు కన్ను మూత పడుతుంది. అంతే. దానికి మించి నాకు వేరే ఏమీ లేదు."

"ఆ బావికి ఒగ కొడుకును ఇచ్చినారు. ఇంక చాలదా?"

అయ్యాసామి లేచినాడు. లేచేదానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. కాడిని భుజం మీద వేసుకొని, గడప దాటతా, ఆమె పక్కన ఒక్క నిమిషం నిలబడినాడు. "పొద్దు పోతా ఉంది. అత్తను బండి ఎక్కమను," అని చెప్పి, రెండు అడుగులు వేసినాక తిరిగి చూసి అన్నాడు: "నువ్వూ రా."

బండి దగ్గర నాగమ్మాళ్ అడ్డం నిలబడింది. కొడుకు పోయినప్పటి నుంచి ఆమె కోడలిని పేరు పెట్టి పిలవలేదు, 'అది' అనే చెప్పేది. ఇంట్లో కాలు పెట్టిన వేళ మంచిది కాదని బంధువులు ఎవరో అంటే, కాదని అనలేదు. చెడ్డ మనిషి కాదు నాగమ్మాళ్. కోపం ఎక్కడ పెట్టాలో తెలియక దగ్గర ఉండే దాని మీద పెట్టింది.

"అది ఎందుకు? మొదటి దుక్కికి అది ఎదురుగా నిలబడాల్నా?"

"నేనే రమ్మంటిని," అన్నాడు అయ్యాసామి. నాగమ్మాళ్ పక్కకు జరిగి బండి ఎక్కింది.

చేను పోయిన పంట మోళ్ళతో, పగుళ్ళతో నల్లగా పడి ఉంది. పడమట కొండ, ఉత్తరాన ఊరి పక్క మిల్లు పొగగొట్టం. చేను మూలలో బావి చుట్టూ ఎవరూ పోకుండా ముళ్ళకంప వేసి ఉంది. బండి దిగినప్పటి నుంచి నలుగురూ ఆ మూల తప్ప అన్ని మూలలూ చూస్తా ఉండినారు. పెరియసామి ఎద్దులను కాడికి కట్టినాడు. అయ్యాసామి కర్పూరం వెలిగించి, జొన్నల గంప తీసుకొని భార్య పిడికిట్లో పోసినాడు, చిన్న కొడుకు పిడికిట్లో పోసినాడు. ఆనక వెనక నిలబడి ఉన్న కోడలి దగ్గరికి వచ్చి చెయ్యి చాపమన్నాడు.

"తొలి దుక్కి గింజ ఆ చేతికా?" అంది నాగమ్మాళ్.

"ఆ చేతికే."

ముత్తులక్ష్మి అరచేతిలో జొన్నలు పడినాయి. బొట్టు పోయిన ఆడది మొదటి దుక్కిలో గింజ పట్టడం ఆ చేను ఎప్పుడూ చూడలేదు. ఆమె పిడికిలి గట్టిగా మూసుకొంది, ఎవరైనా లాక్కొంటారేమో అని.

అయ్యాసామి మేడి పట్టినాడు. ఎద్దులు నాలుగు అడుగులు వేసి, చాలు తెగి, నల్లమన్ను పైకి వచ్చింది. అక్కడ ఆపినాడు. వరసలో మొదటి మాట పెద్దది, అంటే ఆయనదే. ఏటేటా ఇంత నేల సాగుచేస్తాను, ఇన్ని మామిడి మొక్కలు పెడతాను అని చేను దద్దరిల్లేటట్లు చెప్పేవాడు. ఇవాళ పక్కన ఉండేవాళ్ళకే వినిపించేంత గొంతుతో చెప్పినాడు.

"ఈ ఏడు నేను ఎవురి మాటా తిరిగి చెప్పను. ఎవురి మాట వాళ్ళదే. పోయిన ఏడు నా పెద్దకొడుకు మిల్లుకు పోతాననె. నేను బావి అంటిని. ఆ మాట ఆడిది కాదు, నాది. ఆడు నా మాట తవ్వతా పోయినాడు. ఆడు ముగించని మాట అని ఎత్తుకొనేదానికి ఏదీ లేదు."

గింజలు చాలులో వదిలినాడు. ఎద్దు ఒకటి తోక విసిరింది.

నాగమ్మాళ్ ఏడవలేదు, రొమ్ము కొట్టుకోలేదు. మొగుడి మొహాన్ని కొత్త మనిషిని చూసినట్లు చూస్తా అడిగింది: "మిల్లు అనినాడా?"

"అనినాడు."

"ఎట్ల అనినాడు? గట్టిగా అనినాడా, మెల్లగా అనినాడా?"

"మెల్లగా. ఆడు ఎప్పుడూ మెల్లగానే గదా."

"ఔను," అంది నాగమ్మాళ్. "మెల్లగానే." ఆమె వంతు వచ్చింది. చెయ్యి ఊపి, తరువాత వాళ్ళను చెప్పమని సైగ చేసి, పిడికిలి విప్పకుండానే గట్టు మీద కూచుండిపోయింది.

ఇంక పెరియసామి. ముత్తులక్ష్మికి అయిప్పసి తరువాత మొదటిసారి గుండె మీద నుంచి బరువు దిగింది. అతను ఏమి చెప్తాడో ఆమెకు తెలుసు. డ్రైవింగ్ నేర్చుకోవాలని పిల్లోడికి ఒకటే పిచ్చి. వదినా, ఒగ దినం తళవాయిపురం బస్సు నేనే తోలుకొని పోతాను, నిన్ను ముందు సీట్లో కూచోబెడతాను, టికెట్ అడగను అని ఎన్ని మార్లు చెప్పినాడో. చెప్పు నాయనా, చెప్పేసెయ్ అని ఆమె పెదవులు లోపల లోపల కదిలినాయి. ఆ ఇంట్లో ఒక్కరి మాట అయినా వాళ్ళ నోట్లో పుట్టినట్లే చాలులో పడితే, పోయినవాడికి అదే కర్మ చేసినట్లు.

పెరియసామి నాయన వైపు చూసినాడు. ముసలాయన మేడిని రెండు చేతులతో పట్టుకొని ఉండాడు. అది దున్నేదానికి పట్టినట్లు లేదు, పడిపోకుండా పట్టినట్లు ఉంది. పిల్లోడు గొంతు సవరించుకొన్నాడు.

"ఈ ఏడు నేను బావి తవ్వుతాను."

"వద్దురా," అన్నాడు అయ్యాసామి. ఆ చాలులో ఇంటి పెద్ద 'వద్దు' అనడం అదే మొదలు. "నిన్ను ఎవురూ చెప్పమనలేదు. నేను తిరిగి చెప్పను."

"చెప్పొద్దు నాయనా. ఎవురి మాట వాళ్ళదే అని నువ్వే అంటివి గదా. నువ్వు ఆ నీళ్ళు చూడాల. ఇది నా మాట."

గింజలు పడిపోయినాయి. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేము అంటారు. ఇక్కడ ఎవరి నోరూ జారలేదు, ఎవరూ ఎవరి మాటా మార్చలేదు. ముత్తులక్ష్మి పొద్దున గుంజ పట్టుకొని అడిగి సంపాదించింది ఈ స్వతంత్రాన్నే. దాన్ని తీసుకొని పిల్లోడు నేరుగా ఆ బావి దగ్గరికే పోయినాడు. ఆమెకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. నాయన మీద ప్రేమ ఉండేవాణ్ణి ఏమని తిట్టేది?

"ఇంక నీది వదినా," అన్నాడు పెరియసామి. కండ్లు ఎత్తలేదు.

దూరంగా షిఫ్ట్‌కు పిలిచే మిల్లు సంగు ఊదింది. ట్రైనింగ్ అనే మాట ఆమె నాలుక కొన మీద ఉంది. చెప్తే ఎవరూ మార్చరు. పొద్దున శ్రీవిల్లిపుత్తూరు బస్సు ఎక్కి పోవచ్చు, సాయంకాలం రావచ్చు. పోయినవాడు ఆమె కోసం అనుకొన్న ఏటిలో సగమైనా మిగులుతుంది. ఆమె ముళ్ళకంప వైపు చూసింది. బస్సులో కూచొని ఉన్నప్పుడు ఈ బావిలో మళ్ళా ఒక చప్పుడు వస్తే, ఆ చప్పుడు శ్రీవిల్లిపుత్తూరుదాకా వినిపించదు.

పిడికిలి విప్పింది. చెమటకు గింజలు అరచేతికి అంటుకొని పడలేదు. రెండో చేత్తో దులుపుతా చెప్పింది.

"పెరియసామి ఆ బావిలోకి దిగిన ప్రతిసారీ, అతనికంటే ముందు నేను దిగుతాను. ఈ ఏడంతా అదే నా పని."

"వదినా, అట్ల చెప్పొద్దు. మార్చుకో." పెరియసామి మొహం పాలిపోయింది.

"పడిపోయింది గదా పెరియసామీ. మార్చేదానికి లేదు."

అయ్యాసామి మేడి వదిలేసినాడు. చాలు మధ్యలో మేడి వదలడం ఆ వంశంలో తప్పు. ఆ తప్పును పట్టించుకొనే స్థితిలో అక్కడ ఎవరూ లేరు. ఎద్దులు ఏమీ తెలియక నిలబడి ఉండినాయి.

గట్టు మీద నాగమ్మాళ్ లేచింది. కోడలి దగ్గరికి వచ్చి, గింజల పొట్టు అంటిన ఆ చేతిని ఒకసారి పట్టుకొని చూసింది.

"ముత్తూ," అంది. అయిప్పసి తరువాత ఆమె నోట ఆ పేరు రావడం అదే. "నువ్వు చెప్పాలని వచ్చింది ఇది కాదు గదా?"

నాగమ్మాళ్ ఆ చెయ్యి వదిలి తన పిడికిలి ఎత్తి మొగుడికీ కొడుక్కీ చూపించింది. అది ఇంకా మూసే ఉంది.

"నా మాట ఇంకా పడలేదు. బావి ఉంటే గదా మీరు దిగేది," అంది.

చాలు వైపు రాకుండా, కొంగు నడుముకు దోపుకొని, చేను మూలలో ఉండే ముళ్ళకంప వైపు నడిచింది.